ఆకుల పందెం

ఫిబ్రవరి 3

ఆర్డర్ల పుస్తకాన్ని తిరగేసి చివరి పేజీ నుంచి రాస్తున్నాను. ముందు వైపు ఊరందరి పళ్ళూ ఉన్నాయి: పై దవడా కింది దవడా, ఏ రంగు, ఏ డాక్టరు పంపారు, ఎప్పటికి కావాలి. వెనక వైపు నేనున్నాను. మధ్యాహ్నం మా ఓనరు భోంచేసి కుర్చీలో కునుకు తీసే ముప్పావు గంటా ఈ కట్టుడు పళ్ళ ల్యాబులో నన్ను అడిగేవాడు లేడు.

ఫోన్లో రాసుకునే యోగం లేదు. ఫోను ఉండేది నా జేబులోనే గాని లోపలున్నదంతా అక్కది. పొద్దున్న ఎదురుగా కూర్చోబెట్టుకుని నా చేతే యాప్ పెట్టించింది. పేకాట, పందేలు మానిపించే యాప్ అట. ఫోను చెడగొట్టినవాణ్ణి ఫోనే బాగుచేస్తుందట.

"పేరు అడుగుతోందిరా. అసలు పేరు వద్దంటోంది."

"కోరపన్ను అని పెట్టు."

అక్క నవ్వలేదు. అలాగే పెట్టింది.

రోజూ సాయంత్రం అది రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఈరోజు ఆడారా? ఆడాలని ఎంత అనిపించింది, సున్నా నుంచి పది దాకా చెప్పండి. ఆడలేదంటే ఒక మొక్క బొమ్మకి ఒక ఆకు వేస్తుంది. వంద ఆకులైతే పువ్వు పూస్తుందట. ఆ మొక్క అక్క ఫోనులోనూ కనిపిస్తుంది. నలభై రెండేళ్ళ మొగాణ్ణి, ఆకులేసుకుని అక్కకి చూపించుకోవాలి.

మా ఆవిడ షరతు కూడా ఆ మొక్క మీదే పెట్టింది. "అది పువ్వు పూసిన రోజు రమ్మనండి వదినా. అంతదాకా పాపని చూపించను" అందట అక్కతో.

పాపని బడి నుంచి తీసుకురావడం నా పని. రెండుసార్లు మరిచిపోయాను. మరిచిపోవడం కాదు, చేతిలో ముక్కలు బాగున్నాయి. ఇంకొక్క ఆట అనుకున్నాను. మొదటిసారి గేటు దగ్గర గంటసేపు నిలబడింది. రెండోసారి నిలబడకుండా ఒక్కతే పెద్ద రోడ్డు దాటి ఇంటికొచ్చింది. ఏడేళ్ళ పిల్ల. ఆ సాయంత్రమే నా బట్టలు సంచిలో పెట్టి గుమ్మం బయట ఉంచింది మా ఆవిడ. ఆ సంచితోనే అక్క ఇంటికొచ్చాను.

ఫిబ్రవరి 4

యాప్‌కి రెండు అని చెప్పాను. అసలు సంగతి తొమ్మిది.

ఫిబ్రవరి 9

ఈ యాప్‌లో జంటలు కలుపుతారు. పెళ్ళి సంబంధంలాగా మనల్నేమీ అడగరు, వాళ్ళే కలిపేస్తారు. ఆడాలని ఒళ్ళు పీకినప్పుడు ఎర్ర బొత్తం నొక్కితే జంట ఫోను మోగుతుంది. ఎత్తి మాట్లాడాలి. ఎత్తి తీరాలి, అది ఒక్కటే నియమం.

నాకు దొరికినవాడు తాబేలు. అతను పెట్టుకున్న పేరే అది. నాకంటే ఇరవై అయిదు రోజులు ముందున్నాడు. బస్సు డ్రైవరు. మాటకీ మాటకీ మధ్య ఒక స్టాపు దూరం ఉంటుంది.

"అన్నా, మొదటి పదిహేను నిమిషాలే కష్టం. అవి దాటాయా, పోతుంది."

"మళ్ళీ రాదా?"

"వస్తుంది. మళ్ళీ పదిహేను నిమిషాలు."

ఇంకేం చెప్తాడులే అనుకున్నాను. అతను తన రూటు చెప్పడం మొదలుపెట్టాడు. డిపో గేటు, పాల బూతు, ఆస్పత్రి, కోర్టు, పాత గడియారం, పిండిమర, చివరి స్టాపు. ఎక్కడెవరు ఎక్కుతారు, ఎవరు చిల్లర లేదంటారు, ఆస్పత్రి దగ్గర ఎక్కినవాళ్ళు సీటు ఖాళీగా ఉన్నా ఎందుకు నిలబడే ఉంటారు. చివరి స్టాపు వచ్చేసరికి గడియారం చూశాను. పదహారు నిమిషాలు. చేతులు చల్లబడ్డాయి.

మంచివాడు. కాస్త విసుగు పుట్టిస్తాడు.

ఫిబ్రవరి 20

తాబేలు కథ ఈరోజు తెలిసింది. సిగ్నలు దగ్గర బస్సు ఆపి, స్టీరింగు మీద ఫోను పెట్టి మ్యాచ్ మీద పందెం కాశాడు. పచ్చ దీపం పడింది, మళ్ళీ ఎర్రబడింది, మళ్ళీ పచ్చబడింది. వెనక సీట్లో ఎవరో వీడియో తీశారు. డిపో మేనేజరు బస్సు దింపేశాడు. అయితే వంద రోజులు ఈ యాప్‌లో ఒక్కసారి కూడా తప్పకుండా చూపిస్తే మళ్ళీ స్టీరింగు ఇస్తానన్నాడు. ఇప్పుడు డిపోలో బస్సులు కడుగుతున్నాడు.

"నేను కడిగిన బస్సు ఇంకొకడు తోలుకుపోతుంటే చూడాలన్నా. అదొక్కటే తట్టుకోలేను."

నేను చాలా ధైర్యం చెప్పాను. చెప్పడం నాకు బాగా వచ్చు.

మార్చి 5

ఈరోజు ఏమీ జరగలేదు.

మార్చి 6

నిన్న ఏమీ జరగలేదు. ఆకు వచ్చింది.

మార్చి 12

యాప్‌లో మాది ఎనిమిదిమంది గుంపు. హాస్టల్లో వంట చేసే ఆయన ఒకాయన ఉన్నాడు, అందరం వంటమాస్టారు అంటాం. ఆయన మాలో కొందరితో బయట వేరే గుంపు పెట్టాడు. పేరు పెరటి తోట. ఊరికే కబుర్లకి అన్నాడు. తాబేలుని చేర్చలేదు. "ఆయన మరీ బుద్ధిమంతుడు, మనలో కలవడు" అన్నాడు.

పోయిన వారం యాప్‌లో ఒక కొత్తాయన చేరాడు. వంటమాస్టారు రాశాడు: "ఈయన వారం దాటడు. ఎవరైనా కాదంటారా? రెండాకులు."

సరదాకే. యాప్‌లో ఒకరి ఆకు ఇంకొకరికి పంపుకోవచ్చు, ధైర్యం చెప్పడానికని పెట్టారు. మాలోనే ఉన్న గుడ్డల కొట్టాయన దాటతాడన్నాడు. టీచరమ్మ కూడా దాటతాడంది. కొత్తాయన అయిదో రోజున ఆడేశాడు. పాపం, మమ్మల్నందరినీ క్షమించమని రాశాడు. వంటమాస్టారికి చెప్పిన ప్రకారం ఆకులు వెళ్ళిపోయాయి. పందెం దగ్గర మాట తప్పినవాడు మాలో లేడు. ఇళ్ళ దగ్గర తప్పనివాడూ లేడు.

నేను చేరలేదు. చూశానంతే.

మార్చి 19

చేరాను. డబ్బు లేదు కదా, ఇది పందెం ఎలా అవుతుంది? బొమ్మ ఆకులు. పిల్లలు గోలీలాడుకున్నట్టు.

టీచరమ్మ మొన్న ఆదివారం దాటదన్నాను. వాళ్ళ పెద్దమ్మాయి ఊరెళ్తోందని, ఇంట్లో ఒంటరిగా ఉంటుందని ఆవిడే అంతకుముందు చెప్పింది. దాటలేదు. నా మొక్కకి ఒక్కసారే ఆరాకులు వచ్చి పడ్డాయి. "మీ ధైర్యానికి మెచ్చి మిత్రులు పంపారు" అంది యాప్.

అక్క చూసి, "ఒరేయ్, ఇన్ని ఆకులేంట్రా ఒకేసారి?" అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడ్డాను. "నేను నలుగురికీ ధైర్యం చెప్తున్నానని ఇచ్చారక్కా" అన్నాను. అక్క కళ్ళు తుడుచుకుంది. వంకాయలు తరుగుతోందప్పుడు, ఉల్లిపాయలు కాదు.

ఆరాకులంటే ఆరు రోజులు ముందు ఇంటికి వెళ్తాను. పాప దగ్గరికి దగ్గరి దారి అది. ఏ తండ్రైనా ఆ దారినే పోతాడు.

మార్చి 29

వంటమాస్టారు: "తాబేలు వంద దాటతాడా? దాటడన్నవాళ్ళకి ఒకటికి మూడు ఇస్తాం. నేనూ గుడ్డల కొట్టాయనా కలిసి."

ఎవరూ కాయలేదు. తాబేలు దాటతాడని అందరికీ తెలుసు. ఒకటికి మూడు ఇస్తామన్నది అందుకే.

నాకు మాత్రం ఎవరికీ తెలియనిది తెలుసు. జంటని కదా. తాబేలు దుఃఖం వచ్చినప్పుడు ఆడడు. సంతోషం వచ్చినప్పుడు ఆడతాడు. "మంచి కబురు వచ్చిన రోజు నన్ను పట్టుకోవాలన్నా, చెడ్డ కబురుని నేనే పట్టుకుంటాను" అన్నాడోసారి. డిపో నుంచి పిలుపు వచ్చే రోజు ఒకటుంది ముందు.

ఉన్న ఆకులన్నీ కాశాను. గెలిస్తే పువ్వు పూసి ఇంకా మిగుల్తాయి. ఓడితే మొక్క మోడైపోతుంది, అక్క చూస్తుంది, మా ఆవిడ వింటుంది.

ఓడను. అతను పడిపోవాలని నేను కోరుకోవడం లేదు. పడతాడని తెలుసు, అంతే. రెండూ ఒకటి కాదు.

ఏప్రిల్ 4

తాబేలు ఫోన్ చేశాడు. ఎర్ర బొత్తం కాదు, ఊరికే. డిపోలో ఇంజను చప్పుడు వింటే కాళ్ళు వాటంతటవే కదులుతున్నాయట.

మాటవరసకి అడిగాను, "తమ్ముడూ, నువ్వు గెలిచిన వాటిల్లో గొప్ప మ్యాచ్ ఏది?"

చెప్పాడు. చివరి బంతి దాకా చెప్పాడు. గొంతు మారిపోయింది, ఆ స్టాపులన్నీ ఎగిరిపోయాయి మాటల మధ్య నుంచి.

"ఎందుకు గుర్తుచేశారన్నా" అన్నాడు చివర్లో, నవ్వుతూనే.

మాటవరసకే అడిగాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా.

ఏప్రిల్ 15

పదకొండింటికి తాబేలు ఎర్ర బొత్తం నొక్కాడు. ఎత్తలేకపోయాను. చేతులు ప్లాస్టర్‌లో ఉన్నాయి. అచ్చు పోసేటప్పుడు మధ్యలో వదిలేస్తే గట్టిపడిపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. మా ఓనరు ఊరుకోడు.

ఏప్రిల్ 16

"తాబేలు మళ్ళీ మొదటి రోజు నుంచి ప్రయాణం మొదలుపెట్టారు. ధైర్యం చెప్పండి" అని గుంపులో వచ్చింది. తొంభై ఏడో రోజున.

గుంపులో అందరూ ధైర్యం చెప్పారు. నేనూ చెప్పాను. పెరటి తోటలో వంటమాస్టారు చెయ్యెత్తి దండం పెట్టిన బొమ్మ నా పేరు మీదే పెట్టాడు.

అసలు ఎవడు చెప్పమన్నాడు అతన్ని! సాయంత్రం యాప్ అడుగుతుంది, ఈరోజు ఆడారా అని. లేదు అని నొక్కితే ఏం పోయింది? దానికి కళ్ళున్నాయా? దాని బాబుకి కళ్ళున్నాయా? నేను నొక్కలేదూ? మార్చి అయిదున మా ఓనరు ఫోను అడిగి తీసుకుని, డాక్టరుకి ఫోన్ చేస్తానని చెప్పి, వెనక గదిలో మైనం పొయ్యి పక్కన కూర్చుని నలభై నిమిషాలు ఆడలేదూ? సాయంత్రం లేదు అని నొక్కాను. ఆకు వేసింది, శభాష్ అంది. ఆ మాత్రం అబద్ధం చేతకానివాడు పందేలెందుకు కాయాలి, యాప్‌లెందుకు పెట్టుకోవాలి?

ఒక్క అబద్ధం ఆడి ఉంటే అతనికి బస్సు దక్కేది. నేనూ ఓడి ఉండేవాణ్ణి.

ఏప్రిల్ 17

పందెం ఆకులు వచ్చి పడ్డాయి, పువ్వు పూసింది. తెల్లటి పువ్వు, అయిదు రెక్కలు. ఫోను చిన్నగా పాట పాడింది.

అక్క వీధిలోకి వినబడేలా ఏడ్చింది. బావ నా భుజం తట్టి, "నీ మీద నాకు నమ్మకం లేదని మీ అక్కతో వంద సార్లు అన్నాను బావమరిదీ, ఇవాళ సిగ్గుపడుతున్నాను" అన్నాడు. అక్క మా ఆవిడకి పువ్వు పంపింది. ఆదివారం రమ్మంది ఆవిడ.

ఏప్రిల్ 18

ఆ రోజు పాలిష్ చక్రం దగ్గరున్నాను. ఆ రొదలో ఫోను వినబడదు. ఎవరినైనా అడగొచ్చు.

ఏప్రిల్ 20

తాబేలు ఫోన్ చేశాడు. ఎత్తకూడదనుకున్నాను. ఎత్తాను.

డిపో నుంచి మంచి కబురే వచ్చిందట ఆ రోజు. వందో రోజు నుంచి డ్యూటీ అని కాగితం ఇస్తాం, వచ్చి పట్టుకెళ్ళమన్నారు. మేనేజరు గది బయట బల్ల మీద కూర్చున్నాడు. పక్క గదిలో టీవీలో మ్యాచ్. డ్రైవర్లంతా అరుస్తున్నారు. ఒళ్ళంతా సంతోషం. ఎర్ర బొత్తం నొక్కాడు. ఆగాడు. మళ్ళీ నొక్కాడు.

"కాగితం చేతికిచ్చారన్నా. తీసుకుని ఇంటికొచ్చాను. సాయంత్రం ఇది అడిగింది, ఆడారా అని. ఆడాను కదా మరి. మర్నాడు పొద్దున్నే వెళ్ళి కాగితం తిరిగిచ్చేశాను."

"ఎందుకిచ్చావయ్యా! కాగితం చేతికొచ్చాక ఎవడడుగుతాడు?"

"నలభై మంది ఎక్కుతారు కదన్నా బస్సులో" అన్నాడు.

మళ్ళీ అతనే అన్నాడు, "మీరు ఎత్తలేదని మా ఇంటావిడ కోపం చేసుకుంది. లేదే, ఆయన చేతులు ప్లాస్టర్‌లో ఉండి ఉంటాయి, మధ్యలో వదిలేస్తే పాడైపోతుందని చెప్పారోసారి, అన్నాను. నిజమే కదా?"

"నిజమే తమ్ముడూ" అన్నాను.

ఏప్రిల్ 21

చేతులు ఖాళీగానే ఉన్నాయి.

ప్లాస్టర్ లేదు, చక్రం లేదు. పై దవడ ఒకటి ఎదురుగా పెట్టుకుని ముందు పళ్ళ వరస చూస్తున్నాను. ఫోను బల్ల మీద వెల్లకిలా ఉంది. మోగింది. తాబేలు బొమ్మ వెలిగింది. పదకొండు గంటలకి ఎందుకు చేస్తున్నాడో క్షణంలో అర్థమైంది. చేయి చాపితే అందే దూరం. ఆగే దాకా చూశాను. రెండోసారి మోగింది. ఆగే దాకా చూశాను. మూడోసారి మోగుతుందేమోనని భయపడ్డాను. మోగితే ఎత్తేవాణ్ణేమో. మోగలేదు.

చూస్తున్నప్పుడు గుండె ఎలా కొట్టుకుందో నాకు తెలుసు. ఆఖరి ముక్క కోసం చూసేటప్పుడు కొట్టుకున్నట్టే. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అంటారు. నేను ఊడగొట్టినవి ఇంకొకడివి.

మా ఓనరు ఎప్పుడూ ఒక మాట అంటాడు. పన్ను వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా నోరు పట్టేస్తుంది, నోటిని మోసం చెయ్యలేవురా అని. ఆయనకి నోళ్ళ గురించే తెలుసు.

ఏప్రిల్ 27, ఆదివారం

ఇంటికొచ్చాను. ఆర్డర్ల పుస్తకం సంచి అడుగున తెచ్చుకున్నాను. ఓనరు రేపు అడిగితే ఏదో చెప్తాను.

మా ఆవిడ తలుపు తీసి పక్కకి జరిగింది. మంచినీళ్ళిచ్చింది. ఇల్లంతా వేరేగా సర్దేసింది, నా కుర్చీ కిటికీ దగ్గర లేదు. అక్కడ పాప పుస్తకాల బల్ల ఉంది.

"పాపని బడి బస్సులో వేశాను. మీరు తీసుకురానక్కర్లేదు."

"నేను తెస్తానుగా ఇప్పుడు."

"వద్దులెండి. అలవాటైపోయింది దానికి."

పాప వచ్చి నా ఫోను అడిగింది. ఇవ్వడానికి చెయ్యి రాలేదు, అయినా ఇచ్చాను. మొక్క చూసి ఆకులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. వేలు పెట్టి ఒక్కొక్కటే. మధ్యలో తప్పిపోతే మళ్ళీ మొదటి నుంచి.

"నాన్నా, ఒక్కో ఆకూ ఒక్కో రోజా?"

"అవునమ్మా."

"ఇన్ని రోజులా నువ్వు రాంది? నేను తక్కువనుకున్నాను."

తక్కువే. ఎనభై నాలుగు రోజులు. దానికి వంద దాటాక లెక్క రాదు కాబట్టి ఊరుకుంది. ఫోను తిరిగిచ్చి, "మళ్ళీ మర్చిపోవుగా?" అంది. నేను లేదన్నాను. యాప్‌కి చెప్పినంత తేలిగ్గా వచ్చింది ఆ మాట నోట్లోంచి. అందుకే భయమేసింది.

మూడింటికి తల్లీ కూతుళ్ళు బజారుకి వెళ్ళారు. ఇల్లు నాకు వదిలి వెళ్ళారు, దొంగ చేతికి తాళాలిచ్చినట్టు. మా ఆవిడ ఫోను టేబులు మీద చార్జింగులో ఉంది. దాని తాళం అంకెలు పాప పుట్టినరోజే, మార్చలేదు. చేతిలోకి తీసుకున్నాను. పెట్టాను. మళ్ళీ తీసుకున్నాను. పది. రెండు కాదు, మూడు కాదు. పది.

నా ఫోనులో ఎర్ర బొత్తం నొక్కాను. జంట తాబేలే ఇంకా. ఎత్తడనుకున్నాను. ఎత్తకపోతే బాగుండు, సరికి సరి అయిపోతుంది అనుకున్నాను.

మొదటి రింగు పూర్తి కాలేదు.

"ఉన్నానన్నా. చెప్పండి."

వెనక నీళ్ళ చప్పుడు. ఆదివారం కూడా బస్సులు కడుగుతున్నాడు. పైపు కట్టేశాడు, చప్పుడు ఆగింది.

"ఇంటికి చేరారా? పాప బాగుందా?"

బాగుందన్నాను. చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. "తమ్ముడూ, ఆ రోజు..." అన్నాను.

"ఆ రోజు సంగతి వదిలెయ్యండన్నా. నాకిది పన్నెండో రోజు. మీ పదిహేను నిమిషాలు చూద్దాం ముందు. ఎక్కండి బస్సు. డిపో గేటు."

చెప్పాడు. పాల బూతు, ఆస్పత్రి, కోర్టు. పాత గడియారం దగ్గర మొన్నటి నుంచి స్టాపు కాస్త ముందుకి జరిపారట, కొత్త డ్రైవరు చెప్పాడట. తను చూడలేదట. పిండిమర. చివరి స్టాపు. దిగండన్నా, జాగ్రత్త అన్నాడు.

మా ఆవిడ ఫోను ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఆడలేదు. ఇది నిజం, ఈ పుస్తకంలో నిజం రాయడం ఈ మధ్యే నేర్చుకున్నాను.

యాప్ అడిగింది: "మీ జంట మీకు సాయపడ్డారా? ఆకులు పంపుతారా?"

ఎన్ని పంపాలో అంకె వెయ్యమంది. అన్నీ పంపేద్దామనుకున్నాను. అన్నీ అతనివే. అంకె వేశాను కూడా. అంతలో గుర్తొచ్చింది, మొక్క మోడైతే పువ్వు రాలిపోతుంది. అక్క చూస్తుంది. ఎందుకని అడుగుతుంది. మా ఆవిడకి చెప్తుంది. పాప రేపు మళ్ళీ లెక్కపెడుతుంది.

అంకె చెరిపాను. ఒకటి పంపాను.

వెంటనే జవాబు వచ్చింది. "ఇవాళ నాకొచ్చిన మొదటి ఆకు అన్నా ఇది. చాలా థాంక్స్."